బ్రెగ్జిట్: బ్రిటన్ ప్రజల స్పందనలు, వాటి వెనుక కారణాలు

యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బైటికి రావడాన్ని బ్రెగ్జిట్ అంటారు. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 1,74,10,742 మంది బైటికి రావాలని, 1,61,41,241 మంది ఈయూలోనే ఉండాలని ఓటు వేశారు. శాతాల్లో చెబితే 51.9, 48.1. ఓటర్లలో 72.2 శాతం మంది పోలింగ్‌లో పాల్గొన్నారు. మూడున్నరేళ్ళ రాజకీయ సంక్షోభం తర్వాత 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు, అంటే మన దేశంలో ఫిబ్రవరి 1 తెల్లవారుజామున నాలుగున్నరకు, బ్రిటన్ అధికారికంగా ఈయూ సభ్యత్వం వదులుకుంది. 1985లో గ్రీన్‌లాండ్ కూడా యూరోపియన్ కూటమి నుంచి తప్పుకుంది గానీ అది డెన్మార్క్ ఏలుబడిలోని స్వపరిపాలిత ప్రాంతం. పూర్తి స్థాయి సభ్యదేశం ఒకటి వెళ్ళిపోవడం బ్రెగ్జిట్‌తోనే మొదలు.

ఈ నిర్ణయానికి బ్రిటన్ ప్రజలు సంతోషించారనో, పశ్చాత్తాప పడ్డారనో ఒక్క ముక్కలో తేల్చే కథనాలు చాలా వచ్చాయి. రెండూ సగం నిజాలే. బ్యాలెట్ పత్రం మీద ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈయూలో ఉండాలా, బైటికి రావాలా? బైటికి వస్తే ఎలా రావాలి, ఉమ్మడి మార్కెట్‌లో కొనసాగాలా, ఐర్లండ్ సరిహద్దును ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆ పత్రం మీద లేవు. ఆ ఖాళీని ఎవరికి వారు తమ ఆశలతో, తమ కోపంతో పూరించుకున్నారు. ఫలితం వచ్చాక ప్రజల స్పందనలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండడానికీ, దశాబ్దం గడుస్తున్నా వివాదం చల్లారకపోవడానికీ మూలం అక్కడే ఉంది.

నేపథ్యం

యూరప్‌తో బ్రిటన్ సంబంధం మొదటి నుంచీ ఊగిసలాటే. 1963లో ఒకసారి, 1967లో మరోసారి ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ బ్రిటన్ ప్రవేశాన్ని అడ్డుకున్నాడు. చివరికి 1973 జనవరి 1న బ్రిటన్ అప్పటి యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీలో చేరింది. రెండేళ్ళకే, 1975 జూన్‌లో, అందులో కొనసాగాలా వద్దా అని రెఫరెండం జరిగితే 67 శాతం మంది కొనసాగాలన్నారు. ఉమ్మడి కరెన్సీ యూరోలో గానీ, పాస్‌పోర్టు తనిఖీలు లేని షెంజెన్ ప్రాంతంలో గానీ బ్రిటన్ ఏనాడూ చేరలేదు.

2004లో పోలండ్, లిథువేనియా సహా 10 దేశాలు ఈయూలో చేరాయి. కొత్త సభ్యదేశాల కార్మికులకు వెంటనే తలుపులు తెరిచిన పాత సభ్యదేశాలు బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. ప్రభుత్వం అంచనా వేసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది వచ్చారు. 2008 ఆర్థిక సంక్షోభం, 2010 నుంచి అమలైన పొదుపు విధానాలు స్థానిక సంస్థల నిధులను కోసేశాయి. ఆసుపత్రుల్లో, బడుల్లో, ప్రభుత్వ ఇళ్ళ కేటాయింపుల్లో ఒత్తిడి పెరిగింది. నికర వలసలను ఏడాదికి లక్ష లోపుకు తగ్గిస్తామని కన్సర్వేటివ్ పార్టీ హామీ ఇచ్చింది గానీ 2015లో అవి 3 లక్షలు దాటాయి.

ఈయూ వ్యతిరేక పార్టీ యుకిప్ 2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. అంతకు ముందే, 2013 జనవరిలో, సొంత పార్టీలోని ఈయూ వ్యతిరేకులను శాంతింపజేయడానికి ప్రధాని డేవిడ్ కామెరాన్ రెఫరెండం వాగ్దానం చేశాడు. 2015లో ఆయన పూర్తి మెజారిటీతో గెలిచాడు. వాగ్దానం నిలబెట్టుకోక తప్పలేదు.

ఫలితం వెలువడిన రోజు

జూన్ 24 తెల్లవారేసరికి రెండు దేశాలు నిద్ర లేచినట్లయింది. యుకిప్ నేత నైజెల్ ఫరాజ్ దీన్ని స్వాతంత్ర్య దినంగా అభివర్ణించాడు. లింకన్‌షైర్ పట్టణాల్లో, ఎసెక్స్ తీర ప్రాంతాల్లో అదే భావన కనిపించింది. తమ ఓటుతో ఏదో మారగలదని ఎన్నో ఏళ్ళ తర్వాత అనిపించిందని చెప్పిన వారున్నారు. లండన్‌లో, ఎడిన్‌బరోలో, యూనివర్సిటీ పట్టణాల్లో దిగ్భ్రాంతి అలముకుంది. పౌండు విలువ డాలర్‌తో పోల్చితే 1985 తర్వాత ఎన్నడూ లేనంత దిగువకు పడింది. ఉదయమే కామెరాన్ రాజీనామా ప్రకటించాడు.

రెండో రెఫరెండం కోరుతూ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉన్న పిటిషన్‌పై 40 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. విచిత్రం ఏమిటంటే ఆ పిటిషన్‌ను పోలింగ్‌కు ముందే, ‘ఉండాలి’ పక్షం గెలుస్తుందన్న అనుమానంతో, ‘వెళ్ళాలి’ పక్షం మద్దతుదారు ఒకరు పెట్టారు. ఫలితం తారుమారయ్యాక ఓడినవారు దాన్ని సొంతం చేసుకున్నారు.

ఆ రోజుల్లో ఓ వార్త ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. పోలింగ్ ముగిశాక బ్రిటన్ ప్రజలు ‘ఈయూ అంటే ఏమిటి’ అని గూగుల్‌లో వెతికారన్నది దాని సారం. ఆ ప్రశ్న ఆ రోజు ఎక్కువగా అడిగిన ప్రశ్నల్లో ఒకటిగా గూగుల్ ట్రెండ్స్ చూపిన మాట నిజమే. కానీ ఎంతమంది వెతికారో, వారిలో ఓటేసినవారెందరో అందులో లేదు. దాన్ని పట్టుకుని కోటీ డెబ్బై లక్షల మందిని అజ్ఞానులుగా జమకట్టడం సులువైపోయింది. గెలిచినవారి ఆగ్రహాన్ని ఇలాంటి ఎగతాళి మరింత పెంచింది.

ఎవరు ఎటు ఓటు వేశారు

ఇంగ్లండ్‌లో 53.4 శాతం, వేల్స్‌లో 52.5 శాతం వెళ్ళిపోవాలన్నారు. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండాలన్నారు. లండన్ నగరం దాదాపు 60 శాతంతో ఉండాలనే వైపు నిలిచింది.

పోలింగ్ రోజున లార్డ్ యాష్‌క్రాఫ్ట్ సంస్థ 12 వేల మందికి పైగా ఓటర్లతో సర్వే జరిపింది. దాని ప్రకారం 18 నుంచి 24 ఏళ్ళ వారిలో 73 శాతం ఉండాలని, 65 దాటిన వారిలో 60 శాతం వెళ్ళాలని ఓటు వేశారు. చదువు మరో పెద్ద విభజన రేఖ. యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవారు అత్యధికంగా ఉండాలన్నారు, బడి చదువుతో ఆగినవారు వెళ్ళాలన్నారు. ‘మా భవిష్యత్తును ముసలివాళ్ళు నిర్ణయించారు’ అన్న యువత ఆక్రోశం ఇక్కడి నుంచే వచ్చింది. ‘యూరప్‌లో చేరకముందు దేశం ఎలా ఉండేదో చూసినవాళ్ళం మేమే’ అన్నది పెద్దల జవాబు.

ఓటు హక్కు ఎవరికి ఉందన్నది కూడా స్పందనలను మలిచింది. 16, 17 ఏళ్ళ వారు 2014 స్కాట్లండ్ రెఫరెండంలో ఓటు వేశారు గానీ ఇక్కడ వారికి అవకాశం ఇవ్వలేదు. పార్లమెంటు ఎన్నికల ఓటర్ల జాబితానే ప్రాతిపదికగా తీసుకున్నందువల్ల బ్రిటన్‌లో ఉంటున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకు ఓటు ఉంది. ఆ లెక్కన భారత పాస్‌పోర్టుతో అక్కడ చదువుకుంటున్న హైదరాబాద్ విద్యార్థి పేరు నమోదు చేసుకుంటే ఓటు వేయవచ్చు. పన్నెండేళ్ళుగా అక్కడే పని చేస్తూ పన్నులు కడుతున్న పోలండ్ కార్మికుడు వేయలేడు. ఈయూ దేశాల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు మాత్రమే మినహాయింపు. తమ నివాస హక్కు మీద జరుగుతున్న ఓటింగ్‌ను దాదాపు 30 లక్షల మంది ఈయూ పౌరులు పక్కన నిలబడి చూడవలసి వచ్చింది.

‘వెళ్ళాలి’ ఓటు వెనుక ఉన్న కోపం

లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణం 75.6 శాతంతో దేశంలోనే అత్యధికంగా వెళ్ళిపోవాలని ఓటు వేసింది. చుట్టూ కూరగాయల పొలాలు, ప్యాకింగ్ కేంద్రాలు ఉన్న ఊరది. తూర్పు యూరప్ కార్మికులు కొద్ది ఏళ్ళలోనే పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. వలస జనాభా ఇంతకంటే ఎక్కువ ఉన్న లండన్ శివార్లు ‘ఉండాలి’ అన్నాయి. తేడా మార్పు ఎంత వేగంగా వచ్చిందన్న దానిలోనూ, ఇళ్ళూ వైద్యమూ ఆ వేగాన్ని అందుకున్నాయా లేదా అన్న దానిలోనూ ఉంది.

సండర్‌లాండ్ నగరం 61 శాతంతో వెళ్ళాలంది. 1986లో మొదలైన నిస్సాన్ కార్ల కర్మాగారం ఆ ప్రాంతానికి పెద్ద దిక్కు. అక్కడ తయారయ్యే కార్లలో అధిక భాగం ఈయూ దేశాలకే వెళ్ళేవి. వేల్స్‌లోని ఎబ్బూ వేల్ పట్టణంలో ఉక్కు కర్మాగారం 2002లో మూతపడింది. ఈయూ నిధులతో అక్కడ రోడ్లు, శిక్షణ కేంద్రాలు వచ్చాయి. ఆ పట్టణం ఉన్న బ్లైనా గ్వెంట్ జిల్లాలో 62 శాతం మంది వెళ్ళాలన్నారు. కార్న్‌వాల్ కూడా ఈయూ నిధులు భారీగా అందుకున్న ప్రాంతమే. 56 శాతానికి పైగా వెళ్ళాలని ఓటేసిన మర్నాడే అక్కడి కౌన్సిల్, ఆగిపోయే ఈయూ నిధులకు బదులు డబ్బు ఇస్తామని హామీ ఇవ్వాలంటూ లండన్‌ను అడిగింది.

దీన్ని చూసి తమ కొమ్మను తామే నరుక్కున్నారని విమర్శకులు ఎద్దేవా చేశారు. అక్కడి జనం లెక్క వేరు. గనులు, ఉక్కు మిల్లులు పోయినచోట కొత్త రోడ్డు వేసి బోర్డు మీద ఈయూ జెండా పెడితే పోయిన కొలువులు తిరిగి రావు. అసలు ఆ నష్టంలో ఎక్కువ భాగం లండన్ ప్రభుత్వాల విధానాల ఫలితమే తప్ప బ్రసెల్స్ పని కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, వెస్ట్‌మినిస్టర్ మీద ఉన్న కోపం చాలా చోట్ల బ్రసెల్స్ మీదకు మళ్ళింది. సాధారణ ఎన్నికల్లో ఏ పార్టీ కంచుకోటలో ఆ పార్టీయే గెలుస్తుంది కాబట్టి అక్కడి ఓటుకు విలువ ఉండదు. రెఫరెండంలో ప్రతి ఓటూ సమానమే. ఆ అవకాశాన్ని వారు వాడుకున్నారు.

అంతమాత్రాన వెళ్ళాలన్న వారందరూ పేదలే అనుకోకూడదు. దక్షిణ ఇంగ్లండ్‌లో సొంత ఇళ్ళు, పెన్షన్లు ఉన్న మధ్యతరగతి కన్సర్వేటివ్ ఓటర్లు కూడా పెద్ద సంఖ్యలో వెళ్ళాలన్నారు. యాష్‌క్రాఫ్ట్ సర్వేలో ‘వెళ్ళాలి’ ఓటర్లలో సుమారు సగం మంది చెప్పిన ప్రధాన కారణం బ్రిటన్ గురించిన నిర్ణయాలు బ్రిటన్‌లోనే జరగాలన్నది. వలసలు, సరిహద్దులపై అదుపు అని చెప్పినవారు మూడో వంతు.

ప్రచారంలో అతిశయోక్తులు, అబద్ధాలు దొర్లాయి. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకు పంపుతున్నామని, దాన్ని జాతీయ ఆరోగ్య సేవకు ఖర్చు చేయవచ్చని ఎర్ర బస్సు మీద రాసి తిప్పారు. ఈయూ నుంచి బ్రిటన్‌కు దక్కే రాయితీని, తిరిగి వచ్చే నిధులను ఆ అంకెలో తీసివేయలేదు. అది తప్పుదారి పట్టించే అంకె అని ప్రభుత్వ గణాంకాలను పర్యవేక్షించే సంస్థే చెప్పింది. అటు ‘ఉండాలి’ పక్షం కూడా, ఓటు వేసిన వెంటనే మాంద్యం వచ్చిపడుతుందని భయపెట్టింది. అది అప్పటికప్పుడు రాకపోవడంతో తర్వాత చెప్పిన సరైన హెచ్చరికలను కూడా చాలామంది పెడచెవిన పెట్టారు.

భయం, ద్వేషం, సంఘీభావం

పోలింగ్‌కు వారం ముందు, జూన్ 16న, ‘ఉండాలి’ పక్షాన ప్రచారం చేస్తున్న లేబర్ ఎంపీ జో కాక్స్‌ను తీవ్ర మితవాద భావాలున్న వ్యక్తి తన నియోజకవర్గంలోనే కాల్చి, పొడిచి చంపాడు. దేశం నిర్ఘాంతపోయింది. ప్రచారం కొద్ది రోజులు ఆగింది.

ఫలితం తర్వాత విదేశీయులను వీధుల్లో దూషించిన ఘటనలు వెల్లువెత్తాయి. 2016 జులైలో జాతి, మత విద్వేష నేరాలు అంతకు ముందు ఏడాది జులై కంటే 41 శాతం ఎక్కువగా నమోదయ్యాయని బ్రిటన్ హోం శాఖ లెక్కలు చెప్పాయి. లండన్‌లోని హామర్‌స్మిత్‌లో పోలండ్ వాసుల సాంస్కృతిక కేంద్రం ముఖద్వారం మీద ఎవరో దూషణ రాతలు రాసిపోయారు. తర్వాతి రోజుల్లో స్థానికులు అక్కడికి పూలగుత్తులు, సంఘీభావం తెలిపే కార్డులు తెచ్చి పెట్టారు. ఈ రెండు స్పందనలూ ఒకే సమాజానివి.

ఈయూ పౌరుల విషయంలో ప్రభుత్వం చాలాకాలం స్పష్టత ఇవ్వలేదు. చర్చల్లో బేరానికి తమను వాడుకుంటున్నారని వారు ఆగ్రహించారు. తర్వాత తెచ్చిన నివాస హక్కు పథకానికి మొదట 65 పౌండ్ల రుసుము పెట్టి, విమర్శలు రావడంతో 2019 జనవరిలో ఎత్తేశారు. 2021 జూన్ 30 గడువు నాటికి 60 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ప్రభుత్వం తన గడ్డ మీద ఎందరు ఈయూ పౌరులు ఉన్నారనుకుందో, దానికి రెట్టింపు అది.

దక్షిణాసియా మూలాల ఓటర్లు

యాష్‌క్రాఫ్ట్ సర్వే ప్రకారం ఆసియా మూలాల ఓటర్లలో 67 శాతం ఉండాలని ఓటు వేశారు. మిగిలిన మూడో వంతు కూడా చిన్న సంఖ్య కాదు. దక్షిణాసియా జనాభా ఎక్కువగా ఉన్న లూటన్, స్లౌ, బ్రాడ్‌ఫర్డ్ పట్టణాల్లో ‘వెళ్ళాలి’ పక్షం గెలిచింది. లెస్టర్‌లో ‘ఉండాలి’ పక్షం 51 శాతంతో గట్టెక్కింది.

వలస కుటుంబాల నుంచి వచ్చినవారు వలసలకు వ్యతిరేకంగా ఓటు వేయడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. దీనికి ఒక కారణం వీసా నిబంధనల్లోని అసమానత. రొమేనియా యువకుడు టికెట్ కొనుక్కుని వచ్చి పనిలో చేరవచ్చు. సిల్హెట్ నుంచి వంటవాణ్ణి, పంజాబ్ నుంచి కోడలిని తెచ్చుకోవాలంటే వీసా, ఆదాయ పరిమితి, ఇంగ్లిష్ పరీక్ష. ఈయూ నుంచి బైటపడితే కామన్‌వెల్త్ దేశాలకు న్యాయం జరుగుతుందని ప్రీతి పటేల్ వంటి కన్సర్వేటివ్ నేతలు ప్రచారం చేశారు. వంటవాళ్ళ కొరతతో మూతపడుతున్న ‘కర్రీ హౌస్’లను కాపాడాలన్న నినాదం కూడా ఈ ప్రచారంలో భాగమే. బంగ్లాదేశ్ మూలాల హోటల్ యజమానుల్లో చాలామంది దాన్ని నమ్మారు. ఓటు ముగిశాక వారు ఆశించిన ప్రత్యేక వీసా రాలేదు. జీతం పరిమితి చిన్న హోటళ్ళకు అందనంత ఎత్తులోనే ఉండిపోయింది, అప్పటిదాకా దొరుకుతున్న తూర్పు యూరప్ పనివారు కూడా కరువయ్యారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమైంది.

స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్

స్కాట్లండ్‌లోని 32 స్థానిక మండళ్ళలో ప్రతి ఒక్కటీ ఈయూలో ఉండాలంది. 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో, బ్రిటన్‌లో ఉంటేనే ఈయూ సభ్యత్వం ఖాయమని స్కాట్ ఓటర్లకు చెప్పారు. రెండేళ్ళకే ఇంగ్లండ్ ఓట్లతో ఆ సభ్యత్వం పోతోంది. ఫలితం వచ్చిన రోజే అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ రెండో స్వాతంత్ర్య రెఫరెండం అవకాశం బాగా ఉందని ప్రకటించింది. లండన్ అనుమతి లేకుండా అలాంటి రెఫరెండం జరపలేరని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీం కోర్టు తేల్చింది.

ఉత్తర ఐర్లండ్‌లో స్పందన భయం రూపంలో వచ్చింది. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో మూడు దశాబ్దాల హింస ముగిసింది. ఐర్లండ్‌తో సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు కనిపించకుండా పోయింది. రెండు వైపులా ఈయూ ఉన్నంతవరకు అది సాధ్యం. ఇప్పుడు తనిఖీలు భూసరిహద్దు మీద పెడితే ఐరిష్ జాతీయవాదులకు, సముద్రం మీద పెడితే బ్రిటన్ అనుకూల యూనియనిస్టులకు ఆగ్రహం. చివరికి సముద్రం మీదే పెట్టారు. ఇతర కారణాలతో పాటు ఈ అసంతృప్తి కూడా తోడై 2021 ఏప్రిల్‌లో యూనియనిస్టు ప్రాంతాల్లో అల్లర్లు చెలరేగాయి. డెమోక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళపాటు ప్రాంతీయ ప్రభుత్వాన్ని స్తంభింపజేసింది. 2023 ఫిబ్రవరిలో కుదిరిన విండ్సర్ ఒప్పందం తనిఖీలను తగ్గించింది. బ్రిటన్‌లోని ఇతర ప్రాంతాల్లో మరో రకం స్పందన కనిపించింది: ఐరిష్ తాతలో అమ్మమ్మో ఉన్నవారు ఐర్లండ్ పాస్‌పోర్టుకు బారులు తీరారు.

వీధి నుంచి కోర్టు దాకా

పార్లమెంటు ఆమోదం లేకుండా నిష్క్రమణ ప్రక్రియ మొదలుపెట్టరాదని జినా మిల్లర్ కోర్టుకెక్కింది. అప్పటి బ్రిటిష్ గయానాలో పుట్టిన భారత సంతతి మహిళ ఆమె. 2016 నవంబర్‌లో హైకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇవ్వగానే ‘డెయిలీ మెయిల్’ పత్రిక ముగ్గురు న్యాయమూర్తుల ఫొటోలు వేసి ప్రజాశత్రువులని పతాక శీర్షిక పెట్టింది. మిల్లర్‌కు ప్రాణహాని బెదిరింపులు వచ్చాయి. 2017 జనవరిలో సుప్రీం కోర్టు 8-3 తేడాతో హైకోర్టు తీర్పును ఖాయం చేసింది.

2017 మార్చి 29న ప్రధాని థెరిసా మే నిష్క్రమణ నోటీసు ఇచ్చింది. ఆమె ఈయూతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటు 432-202 ఓట్లతో తిరస్కరించింది. ఒప్పందం మరీ మెత్తగా ఉందని ‘వెళ్ళాలి’ వర్గం, మరీ కఠినంగా ఉందని ‘ఉండాలి’ వర్గం దానికి వ్యతిరేకంగా ఓటేశాయి. మార్చి 27న ఎంపీల ముందు ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. 2016లో అడగని ప్రశ్న మూడేళ్ళ తర్వాత పార్లమెంటు మెడకు చుట్టుకుంది.

బైట జనం కూడా అలాగే చీలిపోయారు. 2019 మార్చి 23న రెండో రెఫరెండం కోరుతూ లండన్‌లో జరిగిన ర్యాలీకి పది లక్షల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పుకున్నారు. నిష్క్రమణ నోటీసు రద్దు చేయాలన్న పిటిషన్‌పై 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మార్చి 29న, ముందు అనుకున్న నిష్క్రమణ రోజున, ‘వెళ్ళాలి’ మద్దతుదారులు తమ ఓటుకు ద్రోహం జరిగిందంటూ పార్లమెంటు ముందు గుమిగూడారు. రెండు నెలల తర్వాత ఫరాజ్ కొత్త పార్టీ యూరోపియన్ ఎన్నికల్లో 29 సీట్లతో మొదటి స్థానం పొందింది. పాలక కన్సర్వేటివ్‌లు ఐదో స్థానానికి పడిపోయారు. తాము ఏ పార్టీ మనుషులమన్న దానికంటే, ఈయూ విషయంలో ఏ పక్షమన్నదే జనానికి బలమైన గుర్తింపుగా మారిందని సర్వేలు చూపాయి.

2019 డిసెంబర్ 12 ఎన్నికల్లో, బ్రెగ్జిట్ పని ముగిస్తామన్న నినాదంతో బోరిస్ జాన్సన్ 365 సీట్లు గెలిచాడు. తరతరాలుగా లేబర్‌కు ఓటేసిన ఉత్తర ఇంగ్లండ్ పట్టణాలు కన్సర్వేటివ్‌ల వైపు మళ్ళాయి. ఆ విజయంలో ఉత్సాహంతో పాటు విసుగు కూడా ఉంది. ఇక ఈ గోల ముగిస్తే చాలన్నది చాలామంది మాట. అదే ఎన్నికల్లో రెండో రెఫరెండం కోరిన పార్టీలన్నింటి ఓట్లు కలిపితే సగం దాటాయి. అవి చీలిపోయినందున సీట్లుగా మారలేదు.

వెళ్ళిపోయాక

2020 జనవరి 31 రాత్రి పార్లమెంటు స్క్వేర్‌లో జెండాలతో సంబరాలు జరిగాయి. మరమ్మతుల్లో ఉన్న బిగ్ బెన్ గంట మోగించడానికి చందాలు పోగైనా అది సాధ్యపడలేదు. అదే రాత్రి స్కాట్లండ్‌లో కొవ్వొత్తుల ప్రదర్శనలు జరిగాయి.

2021 జనవరి నుంచి కొత్త వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక నిరాశ మొదలైంది మొదట తీర ప్రాంతాల్లోనే. సముద్ర జలాలు తిరిగి తమవవుతాయని ఆశించిన మత్స్యకారులు తాము అమ్ముడుపోయామన్నారు. కాగితాల తతంగం వల్ల సరుకు సకాలంలో యూరప్ చేరక స్కాట్లండ్ సముద్రాహార వ్యాపారులు జనవరి 18న లారీలు తెచ్చి లండన్ ప్రభుత్వ కార్యాలయాల వీధిలో నిలబెట్టారు. ఈయూలో కొనసాగి ఉంటే కంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుందని బ్రిటన్ బడ్జెట్ పర్యవేక్షణ సంస్థ అంచనా.

వలసల విషయంలో జరిగింది మరీ విడ్డూరం. ఈయూ నుంచి వచ్చేవారు తగ్గారు. ఆరోగ్య, సంరక్షణ రంగాల కొరత తీర్చడానికీ, యూనివర్సిటీల ఆదాయం కోసమూ ఇతర దేశాలకు వీసాలు పెంచారు. 2012లో రద్దు చేసిన, చదువయ్యాక పని చేసుకునే వీసాను 2021 జులైలో కొత్త పేరుతో తిరిగి తెచ్చారు. భారత్, నైజీరియాల నుంచి విద్యార్థులు వెల్లువెత్తారు. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌ల నుంచి వెళ్ళినవారు వారిలో గణనీయంగా ఉన్నారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలసలు 9 లక్షలు దాటాయి. తగ్గుతాయని ఓటేసినవారికి ఇది నమ్మకద్రోహంగా తోచింది. ఆ ఆగ్రహానికి జవాబుగా 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా మిగిలిన విదేశీ విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోకుండా నిషేధించారు. ఆ విధంగా బోస్టన్ ఓటరు కోపం తెలుగు కుటుంబాల లెక్కల్ని కూడా మార్చింది.

ఇతర దేశాల్లో

ఫ్రాన్స్‌లో మరీన్ లెపెన్, నెదర్లాండ్స్‌లో గీర్ట్ విల్డర్స్ తమ దేశాల్లోనూ రెఫరెండం పెట్టాలన్నారు. బ్రిటన్ అవస్థ చూశాక ఆ ఉత్సాహం చప్పబడింది. లెపెన్ పార్టీ 2019 నాటికి నిష్క్రమణ డిమాండ్‌నే వదిలేసింది. ఈయూను లోపలి నుంచి మార్చుతామన్నది ఇప్పుడు వారి మాట. మరో దేశమేదీ ఇంతవరకు బ్రిటన్ బాట పట్టలేదు.

ఫలితం వచ్చిన రోజు బొంబాయి సెన్సెక్స్ ఒక దశలో వెయ్యి పాయింట్లకు పైగా పడి, 605 పాయింట్ల నష్టంతో ముగిసింది. జాగ్వార్ లాండ్ రోవర్ యజమాని టాటా మోటార్స్ షేరు గట్టి దెబ్బ తింది. బ్రిటన్‌ను యూరప్ మార్కెట్‌కు వాకిలిగా వాడుకుంటున్న భారత కంపెనీలకు ఇది ఇబ్బందే. ఇంకోవైపు, ఒంటరిగా మిగిలిన బ్రిటన్ కొత్త మార్కెట్ల కోసం ఇండియా వైపు చూడక తప్పలేదు. ఈయూ సభ్యురాలిగా విడిగా వాణిజ్య ఒప్పందం చేసుకునే అధికారం దానికి లేదు. 2025 జులై 24న ఇరు దేశాలూ ఆ ఒప్పందంపై సంతకాలు చేశాయి.

ఇప్పుడేమంటున్నారు

2025 జనవరిలో యూగవ్ జరిపిన సర్వేలో, వెళ్ళిపోవడం తప్పన్నవారు 55 శాతం, సరైనదే అన్నవారు 30 శాతం. దీన్ని మూకుమ్మడి పశ్చాత్తాపంగా చెప్పేవారున్నారు. అంకెల వెనుక మూడు విడి విడి కదలికలు ఉన్నాయి. 2016లో ఓటు వయసు లేనివారు ఇప్పుడు ఓటర్లయ్యారు, వారు అత్యధికంగా ఈయూ అనుకూలురు. అప్పుడు ఓటు వేయనివారు కూడా ఎక్కువగా అటే మొగ్గారు. ‘వెళ్ళాలి’ ఓటర్లలో మనసు మార్చుకున్నవారు ఒక చిన్న భాగం. మిగిలినవారిలో అనేకులు బ్రెగ్జిట్ సరిగా సాగలేదని ఒప్పుకుంటారు. కానీ తప్పు నిర్ణయానిది కాదు, అమలు చేసిన ప్రభుత్వాలదంటారు.

అందుకే తప్పని అనుకునేవారు ఎక్కువైనా తిరిగి చేరే మాట ఎత్తడానికి పెద్ద పార్టీలు జంకుతున్నాయి. 2024లో గెలిచిన లేబర్ పార్టీ ఈయూతో సంబంధాలు మెరుగుపరుస్తామంది గానీ ఉమ్మడి మార్కెట్‌లోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి తిరిగి వెళ్ళబోమని మేనిఫెస్టోలోనే రాసుకుంది. అదే ఎన్నికల్లో ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే 14 శాతం ఓట్లు తెచ్చుకుంది. తిరిగి చేరాలంటే మళ్ళీ రెఫరెండం కావాలి. యూరోలో చేరతారా, పాత రాయితీలు లేకుండా చేరతారా, కార్మికుల రాకపోకలకు ఒప్పుకుంటారా అని ఈయూ అడుగుతుంది. ‘తిరిగి చేరాలి’ అంటున్న 2025 నాటి మెజారిటీ ఈ ప్రశ్నలకు విడివిడిగా ఏం జవాబిస్తుందన్నది, 2016లో ‘వెళ్ళాలి’ అన్న మెజారిటీ విషయంలో లాగే, సర్వేలోని ఒక్క అంకె చెప్పలేదు.